వినిపిస్తుంది గాని అర్థం కాదు

మన ఇండ్లలో పెద్దవారు తరచుగా చెప్పే మాట ఒకటున్నది: "మీ గొంతు వినిపిస్తోంది గాని, ఏమంటున్నారో తెలియడం లేదు." ఇది విని కొందరు విసుక్కుంటారు. "తనకు కావలసినవి మాత్రం బాగానే వినిపిస్తాయి" అని ఎగతాళి చేసేవారూ ఉన్నారు. కాని ఆ పెద్దలు చెప్పేది అక్షరాలా నిజం. చెవి ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే ఈ సంగతి బోధపడుతుంది.

శబ్దం గాలిలో అలలుగా వచ్చి, చెవి రంధ్రం గుండా వెళ్ళి కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలికను మూడు చిన్న ఎముకలు లోపలి చెవికి అందిస్తాయి. వాటిలో చివరిది మన శరీరంలోని ఎముకలన్నింటిలో చిన్నది. సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే. లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొన్న గొట్టమున్నది. దానిలో ద్రవము, ఆ ద్రవము కదిలినప్పుడు కదిలే సన్నని కేశకణాలు ఉన్నాయి. ఒక్కొక్క చెవిలో ఇవి సుమారు 15,000. కదలికను విద్యుత్ సంకేతాలుగా మార్చి, నరము ద్వారా మెదడుకు పంపించేది ఇవే.

ఈ గొట్టపు మొదటి భాగము కీచు ధ్వనులను, చివరి భాగము బొంగురు ధ్వనులను పట్టుకుంటుంది. వయసు వలనగాని, రొద వలనగాని సాధారణంగా ముందు చెడేది కీచు ధ్వనుల భాగమే. ఆ, ఓ వంటి అచ్చులు బలంగానే వినబడతాయి. స, త, ప, క వంటి హల్లులు జారిపోతాయి. "పాలు" అన్నామో, "కాలు" అన్నామో తెలియదు. గనుక అరచి చెప్పినందువలన లాభం తక్కువ.

వినికిడి లోపాలన్నీ ఒకటి కావు. గులిమి అడ్డుపడినా, మధ్య చెవిలో నీరు లేక చీము చేరినా, కర్ణభేరికి చిల్లు పడినా శబ్దము దారిలో ఆగిపోతుంది. వీటిలో చాలావరకు చికిత్స ఉన్నది. అందుకే చెవిలో పిన్నీసులు, పుల్లలు పెట్టడం, కాచిన నూనె పోయడం మానుకొని డాక్టరుకు చూపించాలి. కేశకణాలు చనిపోతే మాత్రం మనుష్యులలో అవి తిరిగి పుట్టవు. వృద్ధాప్యము, పెద్ద శబ్దాలు, మెదడువాపు పొరల జ్వరము, స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి కొన్ని ఇంజక్షన్లు వీటిని దెబ్బతీయగలవు. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఆలస్యమైతే తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.

85 డెసిబెల్స్ శబ్దమును రోజుకు 8 గంటలకు మించి వినరాదని నిపుణులు చెబుతారు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే! ఈ లెక్క పెండ్లి బ్యాండుకు, చెవిలో పెట్టుకొనే ఇయర్‌ఫోన్లకు, మన కూటముల లౌడుస్పీకర్లకు కూడా వర్తిస్తుంది. పిల్లలను స్పీకరు పెట్టెల ముందు కూర్చోబెట్టకండి.

ఇక ఇంటిలో చేయవలసినది. మాట్లాడేముందు టి.వి. ఆపండి. వెలుతురులో, ముఖాముఖిగా, నిదానంగా చెప్పండి. అర్థం కాకపోతే అదే మాటను మళ్ళీ అరవక, వేరే మాటలతో చెప్పండి. "ఏమీ లేదులే" అనే మాట మాత్రం అనకండి. ఆ మాట పదేపదే విన్నవారు మెల్లగా మాట్లాడడం మానుకుంటారు, కూటములకు రావడం మానుకుంటారు, ఒంటరివారైపోతారు. ఆడియోమెట్రీ పరీక్ష చేయించి, అవసరమైతే వినికిడి యంత్రము త్వరగా వాడించడం మంచిది. కళ్ళజోడు పెట్టుకోవడానికి లేని సిగ్గు దీనికి ఎందుకు?