గడువులన్నీ బాధితురాలికేనా?

కోల్‌కతాలోని ఒక న్యాయ విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు వైస్ చాన్సలర్‌పై చేసిన లైంగిక వేధింపుల ఫిర్యాదును స్థానిక కమిటీ గడువు దాటిందంటూ కొట్టేసింది. హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆమె మాట విన్నది. డివిజన్ బెంచ్ కాదంది. 2025 సెప్టెంబర్ 12న సుప్రీంకోర్టు కూడా ఆ కొట్టివేతనే ఖాయం చేసింది. చివరి వేధింపు 2023 ఏప్రిల్‌లో, ఫిర్యాదు డిసెంబర్‌లో. పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం ఫిర్యాదుకు ఇచ్చేది మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో మూడు. ఆగస్టులో తనను ఒక కేంద్రం డైరెక్టర్ పదవి నుంచి తప్పించడం కూడా ఆ వేధింపులకు కొనసాగింపేనని ఆమె మొత్తుకున్నారు. అది పాలనాపరమైన చర్య అని కోర్టు తేల్చింది. ఆరోపణ నిజమా కాదా అన్నది మాత్రం ఎవరూ విచారించలేదు. పైగా తీర్పును ఆ వైస్ చాన్సలర్ రెజ్యూమెలో చేర్చాలని అదే ధర్మాసనం ఆదేశించింది. విచారణే జరగని నిందను మోస్తూ తిరగమనడం ఆయనకు మాత్రం న్యాయమా?

తప్పంతా న్యాయమూర్తులదే అనలేం. లొసుగు 2013 నాటి ఆ చట్టంలోనే ఉంది. దురుద్దేశంతో అబద్ధపు ఫిర్యాదు చేసిన మహిళపై చర్యకు 14వ సెక్షన్ పెట్టారు. ఫిర్యాదు చేసినందుకు కక్షగట్టే యజమానిని శిక్షించడానికి విడిగా ఒక్క సెక్షనూ పెట్టలేదు. విచారణ నడుస్తున్నంతకాలం ఫిర్యాదు చేసిన మహిళ బదిలీ, సెలవు అడగవచ్చు; ఆమె పనితీరు నివేదికను నిందితుడు రాయకుండా ఆపించవచ్చు. ఫిర్యాదును కమిటీ తోసిపుచ్చిన మర్నాటి నుంచి ఆ రక్షణ ఉండదు. అప్పీలు చేసుకోవడానికి 90 రోజులే ఇచ్చిన 18వ సెక్షన్, ఆ అప్పీలు ఎన్నాళ్లలో తేలాలో చెప్పలేదు. ఈలోగా ఆమె ఇంక్రిమెంటు కాగితం మీద సంతకం పెట్టేది ఆ నిందితుడే కావచ్చు.

పాలనాపరమైన చర్య అన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలో పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు కేసు చెబుతుంది. ఇందోర్ శాఖలో మద్యం కాంట్రాక్టర్ల ఖాతాల అక్రమాలపై నివేదికలు పంపిన చీఫ్ మేనేజరును 2017 డిసెంబర్‌లో జబల్‌పూర్ జిల్లా సర్సావాకు పంపారు. పై అధికారి వేధించాడన్నది కూడా ఆమె ఆరోపణ. సర్సావాలోది స్కేల్-1 అధికారి కుర్చీ, ఆమె స్కేల్-4. హైకోర్టులో రెండుసార్లు ఓడినా బ్యాంకు తగ్గలేదు. 2020 ఫిబ్రవరి 25న సుప్రీంకోర్టు ఇది కక్షసాధింపేనని బదిలీ రద్దును సమర్థించి, ఆమెకు ఖర్చుల కింద 50,000 రూపాయలు ఇమ్మంది. ఖర్చులట! రెండేళ్లకు పైగా పోరాడిన అధికారిణికి దక్కింది అది. ఆమెది ప్రభుత్వ బ్యాంకు కాబట్టి రిట్ వేయగలిగారు. హైటెక్ సిటీలో ప్రైవేటు కంపెనీ మేనేజరుకు ఆ దారి సులువుగా దొరకదు, లేబర్ కోర్టు గడప తొక్కే వీలూ ఉండదు.

ఫిర్యాదు తర్వాత వచ్చే బదిలీ, పదవీచ్యుతి, ఉద్యోగం నుంచి తొలగింపు కక్షసాధింపు కాదని నిరూపించుకునే భారం యజమానిపైనే ఉండాలి. అప్పీలు తేలేదాకా మధ్యంతర రక్షణ సాగాలి, అప్పీలు తేల్చడానికీ గడువుండాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నదానికి సవరణ చాలు. ఇన్నేళ్లుగా ఆ పని ఎందుకు చేయలేదో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పార్లమెంటుకు చెప్పాలి.