సాంచాల ఊరికి చెట్టు నీడ

మే నెల మధ్యాహ్నం మహారాష్ట్రలోని భివండీలో ఒక సాంచాల (మరమగ్గాల) షెడ్డులోకి అడుగు పెట్టి చూడాలి. నెత్తిన కాలిన రేకులు, చెవులు దిమ్మెక్కే టకటక, కనురెప్పల మీద దూది నూగు. పొడిగాలికి దారం తెగుతుందని కిటికీలు కూడా మూసేస్తారు. తెలంగాణ నుంచి వలసొచ్చి పద్మానగర్‌లో స్థిరపడ్డ మన పద్మశాలీలైనా, యూపీ, బిహార్ కార్మికులైనా, షిఫ్టు దిగాక కూర్చోవడానికి చెట్టు నీడ లేదు.

పచ్చదనానికి చోటు లేదనుకోవద్దు: ఊళ్లో వరాలదేవి చెరువుంది, పక్కనే కామ్‌వారి నది ఉంది. చెరువు గట్టుకు టైల్సు, రంగుదీపాలు వేసి పచ్చదనమనడం మన నగరాలన్నిటికీ అలవాటే (హుస్సేన్‌సాగర్ చూడలేదా!). నది సంగతి వేరు. అద్దకం నీళ్లు శుద్ధి చేయకుండా వదిలితే ఎన్ని రెల్లుదుబ్బులు నాటినా ఆ రంగు పోదు. ముందు శుద్ధి, తర్వాతే మొక్కలు. ఒడ్డును మట్టిగానే వదిలితే 2005 జూలై 26న ముంబై ప్రాంతాన్ని ముంచెత్తినలాంటి వానలో కొంత నీరైనా ఇళ్లలోకి రాకుండా ఆగుతుంది. అయితే ఒడ్డు ఖాళీ చేయించేటప్పుడు ముందు లేచేవి గుడిసెలే, గోదాములు కదలవు. ఆ వరస మారాలి.

కార్పొరేషన్ మొదటి వంద వేపమొక్కలు సాంచాల గల్లీల్లోనే నాటాలి, వాటికి నీళ్లు పోసే మనిషి జీతం కూడా బడ్జెట్‌లో రాసి.