బండి షెడ్డుకు, మనిషి ఇంటికి

కారుకు దెబ్బ తగిలితే అదే రోజు షెడ్డుకు చేరుతుంది. ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుంటాడు. సొట్ట చిన్నదే కదా అంటే మెకానిక్కు ఒప్పుకోడు, లోపల ఏం విరిగిందో విప్పి చూస్తే గానీ చెప్పలేనంటాడు. ఆ కారులోంచి దిగిన మనిషి మాత్రం ఒళ్ళు దులుపుకుని ‘నాకేం కాలే, పోదాం పా’ అని ఆటో ఎక్కుతాడు. ఇంటికెళ్ళాక దిష్టి తీస్తారు, బామ్ రాస్తారు, పడుకోమంటారు. హైదరాబాద్‌లో కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి ముందు కొత్త బండికి పూజ చేయించే అల్మాస్‌గూడ, మీర్‌పేట కాలనీలకు ఇది తెలియని తంతేమీ కాదు.

ఈ తంతు మానాలి. కారు ప్రమాదంలో చిక్కుకున్న ప్రతి ఒక్కరూ, నెత్తురు కనిపించినా కనిపించకపోయినా, అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి.

గుద్దుకున్న అదురులో ఒంటికి నొప్పి తెలియదు. మెడ పట్టేసేది మర్నాడో, ఆ మర్నాడో. తలలోపలి పొరల మధ్య నెత్తురు చేరుతున్నా మనిషి కొన్ని గంటలు మామూలుగానే మాట్లాడవచ్చు. వాంతులు, మగత ఆ తర్వాత మొదలవుతాయి. రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్ళలో ఇది వారాల తర్వాత కూడా బయటపడవచ్చు. ప్లీహం చిట్లినప్పుడు నెత్తురు దాని పైపొరలోనే నిలిచి, రోజులు గడిచాక పగిలిన సందర్భాలున్నాయి. సీటు బెల్టు ఒరిసిన చోట పొట్ట మీద నల్లగా కమిలితే, అది చర్మం వరకే ఆగిందో లేదో ఇంట్లో తేల్చే విషయం కాదు. గర్భిణి అయితే చిన్న కుదుపైనా సరే, ఆలోచించకుండా బయలుదేరాలి. 2014 జూన్ 3న ఢిల్లీలో కేంద్రమంత్రి గోపీనాథ్ ముండే కారును మరో కారు ఢీకొన్నప్పుడు ఆయన ఒంటిమీద పెద్ద గాయాలు కనిపించలేదు. లోపల కాలేయం చిట్లింది, మెడ ఎముక తప్పింది. వెంటనే ఎయిమ్స్‌కు తీసుకెళ్ళినా దక్కలేదు. పైచర్మం చూసి ధైర్యం చెప్పుకునేవారు ఆ సంగతి ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.

తెలియక వెళ్ళనివారు కొందరే. ఎక్కువమందిని ఆపేది భయం. ఆసుపత్రికి పోతే ఎమ్మెల్సీ రాస్తారు, పోలీసులు వస్తారు, స్టేషన్ చుట్టూ తిరగాలి అన్న భయం. ఎమ్మెల్సీ అంటే ఫలానా గాయం ఫలానా వేళ చూశామని డాక్టరు రాసిపెట్టే చీటీ. గాయపడినవాడి మీద నేరం మోపే కాగితం కాదది. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం డ్రైవరు విధి అంది. తతంగాల కోసం ఆగకుండా చూడటం డాక్టరు విధి అనీ అంది. పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే ముందు వైద్యం, తర్వాతే మిగతావి అని తేల్చింది. అయినా క్యాజువాలిటీలో ‘పోలీసోళ్ళకు చెప్పారా?’ అనే ప్రశ్న ముందు వినిపిస్తే, తప్పు భయపడేవాడిది కాదు.

బిల్లు భయం రెండోది. ప్రైవేటులో అడుగుపెడితే అన్ని స్కానింగులూ రాస్తారన్న అనుమానం ఊరికే పుట్టలేదు. అయితే మొదటి పరీక్షకు వనస్థలిపురం ఏరియా ఆసుపత్రి వంటి సర్కారు దవాఖానాలున్నాయి. దెబ్బ గట్టిదైతే, 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స అందాలి. దాన్ని అమలు చేయించడానికి ఆ ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు గడువు పెట్టాల్సి వచ్చిందంటే ప్రభుత్వానికి ఎంత తొందర ఉందో అర్థమవుతుంది. 108 అంబులెన్సు 2005లో పుట్టిందే హైదరాబాద్‌లో. అలాంటి నగరంలో ఈ నగదు కట్టనక్కర్లేని చికిత్స పథకం పేరు మన క్యాజువాలిటీ గుమ్మాల దగ్గర ఎందుకు కనబడదు?

ఇక నొప్పుల సూది వేసి పంపే ఆర్‌ఎంపీలు. పొట్ట నొప్పినీ, తలనొప్పినీ సూదితో అణచడమంటే రాబోయే ప్రమాదం చెప్పే నోరు నొక్కేయడం. ఎముకలకు కట్లు కట్టే పుత్తూరు కట్టు బోర్డుల సంగతీ అంతే. ఎక్స్‌రే లేకుండా వెన్నూ, మెడా పట్టుకోవడం అనుభవం అనిపించుకోదు, దుడుకుతనం అనిపించుకుంటుంది.

అదే రోజు వెళ్ళడానికి ఇంకో కారణమూ ఉంది. ఎల్‌బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో నష్టపరిహారం కేసులు నడుస్తుంటాయి. ప్రమాదమైన పది రోజులకు డాక్టరు దగ్గరకు వెళితే, ఆ నొప్పి ఆ ప్రమాదానిదేనని ఎలా నమ్మమంటారని బీమా కంపెనీ వకీలు అడుగుతాడు. ప్రమాదమైన రోజు చీటీ ఒక్కటి ఉంటే ఆ ప్రశ్నకు బలం ఉండదు.

జిల్లా వైద్యాధికారులు చేయాల్సింది కొండంత పనేమీ కాదు. క్యాజువాలిటీ ఉన్న ప్రతి ఆసుపత్రి గుమ్మానికీ పథకం వివరాలు, అత్యవసర సాయానికి 112 నంబరు తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించాలి. పోలీసులు ప్రమాద స్థలానికి వెళ్ళినప్పుడు బండ్లు పక్కకు తీయించే ముందు మనుషుల సంగతి అడగాలి. రోడ్డు మీద బంపరు ఖర్చుకు రాజీ కుదుర్చుకునేవాళ్ళు కుదుర్చుకుంటూనే ఉంటారు. రెండు కార్లలో ఉన్నవాళ్ళందరి ఆసుపత్రి చీటీలు చేతికి వచ్చాకే ఆ బేరం మొదలుపెట్టమనాలి.