అట్టపెట్టె లెక్క
నర్సరీల ఊరు కడియపులంకలో మొక్క పెంచడం ఎవరికీ నేర్పనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునే కుర్రాళ్లు ముందు నేర్వాల్సింది అట్టపెట్టె లెక్క. కొరియర్లు చాలావరకు అసలు బరువు, పెట్టె కొలతల బరువుల్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. 60 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 20 ఎత్తు హెచ్చవేసి 5000తో భాగిస్తే 4.8 కిలోలు, లోపలి గులాబీ అంటు కిలోయే ఉన్నా సరే! అందుకే నా ఓటు మనీప్లాంటు, సక్యులెంట్ల వంటి పొట్టి మొక్కలకే. మామిడి అంట్లను లారీలకు వదిలేయండి. ఫొటోలో విరగబూసిన తల్లిమొక్కను చూపించి జానెడు పిలకను పంపడం మాత్రం మోసమే. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తే ఏం పోయింది? రోహిణీకార్తెలో నాలుగు రోజుల దూరానికి ఆర్డరొస్తే, వానలు పడ్డాక పంపుతామని చెప్పండి. కొనేవాడిగా నాకు అలా ఆగమన్నవాళ్లమీదే గురి.