అన్నవ్రతము – అతిథి చిరునామా

తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో వరుణపుత్రుడైన భృగువు తపస్సు చేసి, తొలుత అన్నమునే బ్రహ్మముగా గ్రహించినాడు. పిదప ప్రాణ, మనో, విజ్ఞానములను దాటి ఆనందమును చేరినను, ఉపనిషత్తు మరల అన్నము చెంతకే వచ్చినది. అన్నమును నిందింపరాదనియు, విస్తారముగా సంపాదింపవలెననియు, ఆశ్రయము కోరి వచ్చినవానిని త్రోసిపుచ్చరాదనియు వ్రతములు విధించినది. కరోనా కాలమున ప్రభుత్వము తొట్రుపడినది ఈ చివరి వ్రతము వద్దనే.

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటన వెలువడినది. అర్ధరాత్రికి దేశము స్తంభించినది. అప్పటికి ఆహార సంస్థ గిడ్డంగులలో 5 కోట్ల టన్నులకు పైగా ధాన్యమున్నది. రెండు దినములలోనే సుమారు 80 కోట్ల మందికి నెలకు తలకు 5 కిలోల చొప్పున ఉచిత ధాన్యము ప్రకటింపబడినది. ఇది సామాన్యకార్యము కాదు, కాదనుట అసత్యదోషమగును. కాని ఆ ధాన్యము రేషన్ కార్డు ఉన్న ఊరికి చేరినది. కార్డు బీహారులో, కడుపు సూరత్‌లో! రాష్ట్రము దాటినను చెల్లు విధానము అప్పటికి కొన్ని రాష్ట్రములకే పరిమితము. కార్డే లేని వలస కూలీలు 8 కోట్ల మందికి కేంద్రము ధాన్యము ప్రకటించినది మే 14న. ఆ యాభై దినములలో ఎందరో రహదారుల వెంట నడచిరి.

రాకకు తిథి నియమము లేనివాడే అతిథి. గృహస్థు అతనికి విస్తరి వేసిన పిదపనే ఊరు, పేరు అడుగును. డొక్కా సీతమ్మగారి లంకల గన్నవరపు వాకిట జరిగినది అదియే. తెలంగాణ ప్రభుత్వము ఆ మార్చి నెలలోనే వలస కూలీకి 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటించినప్పుడు ఈ ధర్మఛాయయే కనబడినది. తిరుమలలో దర్శనము నిలిచినను వంటశాల పొయ్యి ఆరలేదు. ఆహారపు పొట్లములు తిరుపతి వీధులకు చేరినవి.

ఇదంతయు ప్రారబ్ధమని సరిపెట్టుకొన్న వేదాంతులును లేకపోలేదు. ఆకలిగొన్నవాడు తన బాధను ప్రారబ్ధమనుకొని ఓర్చుకొనవచ్చును. గాదె నిండియున్నవాడు ఎదుటివాని ఆకలిని అట్లనుటకు ఏ శాస్త్రమును అధికారమీయలేదు.

ఒకే దేశము – ఒకే కార్డు పద్ధతిని అన్ని రాష్ట్రములు జూలై 31లోగా అమలుపరుపవలెననియు, మహమ్మారి ఉన్నంతకాలము వలస కూలీలకు సామూహిక వంటశాలలు నడుపవలెననియు సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించినది 2021 జూన్‌లో. అప్పటికి ఆ నడక మొదలై పదునైదు మాసములు.