ఇంకా వుంది

మన పత్రికలో ధారావాహికం ఒక్క వారం రాకపోతే ఇళ్ళలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. మా ఇంట్లోనే జరుగుతుంది. "రచయితకు సుస్తీగా ఉన్నందున ఈ వారం ప్రచురించలేకపోతున్నాము" అన్న రెండు పంక్తులు చూసి మా ఆవిడ, ఆ రచయిత తనకు బాకీపడి ఊరు వదిలి పారిపోయినట్లు మాట్లాడుతుంది. ఆ పూట కాఫీ కూడా కాస్త పలచగానే వస్తుంది, ఆ రచయితకు నేనేదో వేలువిడిచిన మేనమామనైనట్లు!

వారం రోజుల ఆలస్యానికే ఇంత అయితే, 2003 నుంచీ "తరువాయి" కోసం కనిపెట్టుకుని కూర్చున్న మనిషిని ఏమనాలి? అటువంటాయనతో నేను రెండున్నర నెలలు స్నేహం చేసి వచ్చాను.

నిరుడు వేసవిలో మా అమ్మాయి పురిటికని జర్మనీ వెళ్ళాం. అల్లుడు డ్యూసెల్డార్ఫ్‌లో ఇంజనీరు. మా ఆవిడకు వెళ్ళిన క్షణం నుంచీ చేతినిండా పని. నాకు మాత్రం కిటికీ దగ్గర కుర్చీ ఒకటి వేసి, "మీరు ఇక్కడ కూర్చోండి, అడ్డం రాకండి" అన్నారు. ముప్ఫై ఆరేళ్ళు బ్యాంకులో కూర్చున్నవాణ్ణి. కూర్చోవడం నాకు కష్టమేమీ కాదు.

మర్నాడు పొద్దున్న పది గంటలకు క్రింది వాటాలోంచి ఒక చప్పుడు మొదలైంది. తాళం తప్పకుండా, ఆగకుండా సాగుతోంది. "ఎవరో పిండిమర పెట్టుకున్నారండీ" అంది మా ఆవిడ. రెండో రోజు శ్రద్ధగా విన్నాను. మరే గానీ, ఆ మరలో ఒక రాగం ఉంది. మూడో రోజుకి నా వేళ్ళు నా అనుమతి లేకుండానే కుర్చీ చేతిమీద తాళం వేస్తున్నాయి.

నాలుగో రోజున ఆ మర యజమానే మెట్లెక్కి వచ్చాడు. అరవయ్యైదు దాటిన మనిషి; టెలిఫోను శాఖలో పనిచేసి రిటైరయ్యాడట. "పైన నెలలు నిండిన అమ్మాయి ఉందని తెలిసింది, నా సంగీతం ఇబ్బందిగా ఉంటే తగ్గిస్తాను" అన్నాడు. తగ్గించవద్దన్నాను. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే తూకం. అంచేత స్నేహం వెంటనే కుదిరింది.

ఆ సంగీతం క్రాఫ్ట్‌వర్క్ అనే బృందానిది. మన మాటల్లో చెప్పాలంటే కరెంటు పుట్టే పవర్ హౌస్ అని అర్థం. 1970లో ఆ ఊళ్ళోనే రాల్ఫ్ హ్యూటర్, ఫ్లోరియన్ ష్నైడర్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు మొదలుపెట్టారు. ష్నైడర్ తండ్రి పేరుమోసిన వాస్తుశిల్పి; కొలోన్-బాన్ విమానాశ్రయం ఆయన కట్టిందే. కుర్రవాళ్ళు మాత్రం స్టేషను దగ్గర మింట్రాప్ వీధిలో ఒక స్టూడియో పెట్టుకుని, దానికి క్లింగ్ క్లాంగ్ అని పేరు పెట్టి, విద్యుత్తుతో పలికే వాద్యాలతో కుస్తీ పట్టారు. మొదట్లో ష్నైడర్ పిల్లనగ్రోవి కూడా వాయించేవాడు. రాను రాను అది వెనకబడింది. మనిషి గొంతును యంత్రంలోంచి పంపి యంత్రమే మాట్లాడినట్లు చేశారు. మద్దెలకు బదులు లోహపు పలకలు పెట్టి, అల్లికసూదుల్లాంటి పుల్లలతో తాకితే దరువు పలికేటట్లు అమర్చారు.

1974లో "ఆటోబాన్" అనే ఆల్బమ్ వచ్చింది. ఆటోబాన్ అంటే జర్మనీ వారి పెద్ద రహదారి. రికార్డుకు ఒక ప్రక్కంతా ఒకే పాట, ఇరవైరెండు నిమిషాల పైన. కారు తలుపు వేసిన చప్పుడుతో మొదలై, ప్రక్కనుంచి బండ్లు దూసుకుపోవడం, మధ్యలో రేడియో, అన్నీ అందులో ఉన్నాయి. మా క్రింది వాటా ఆయనకు అప్పుడు పదిహేనేళ్ళు. వాళ్ళింట్లో కారు లేదు. "మేము సెలవులకు ఆ పాటలోనే వెళ్ళేవాళ్ళం" అన్నాడు. నాకా మాట చాలా నచ్చింది.

తరువాత 1975, 1977, 1978, 1981. ఏడాదికో, రెండుమూడేళ్ళకో ఒక ఆల్బమ్ పడుతూనే ఉంది. రైలు మీద ఒకటి, మరమనుషుల మీద ఒకటి, ఇళ్ళలో కంప్యూటర్ మాటే లేని రోజుల్లో కంప్యూటర్ ప్రపంచం మీద ఒకటి. 1981లో లోకమంతా తిరుగుతూ మన బొంబాయికీ వచ్చి వాయించి వెళ్ళారు. వేదిక మీద నలుగురూ ఎర్రచొక్కా నల్లటైతోనో, ఒకే రకం దుస్తులతోనో వరసగా బల్లల వెనక నిలబడతారు. నవ్వరు, కదలరు. అచ్చం నెలాఖరున మా బ్యాంకు కౌంటరు! ఒక పాటకైతే మనుషులు తప్పుకుని బొమ్మలను నిలబెడతారు. మన తోలుబొమ్మలాటలో బొమ్మ వెనక మనిషి ఉన్నాడని అందరికీ తెలుసు. ఇక్కడ మనిషే లేడు, అయినా జనం చప్పట్లు కొడతారు.

ఇక అసలు కథ. 1983లో "టెక్నో పాప్" అనే కొత్త ఆల్బమ్ వస్తోందని కంపెనీవారు ప్రకటించారు. అట్టబొమ్మ తయారైంది, జాబితాలో నంబరు కూడా పడింది. మా ఆయన అప్పుడు ఇరవైనాలుగేళ్ళ వాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. వీధి చివర రికార్డుల షాపులో ఐదు మార్కులు అడ్వాన్సు కట్టి రసీదు తీసుకున్నాడు. ఆ వేసవిలో సైకిలు పందెం మీద ఒక్క పాట మాత్రం వచ్చింది. గొలుసు చప్పుడు, తొక్కేవాడి ఊపిరి కలిపి కట్టిన పాట. ఆల్బమ్ రాలేదు. హ్యూటర్ సైకిలు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. దానికి తోడు, చేసినది వారికే నచ్చలేదు. వెనక్కి తీసుకున్నారు.

మూడేళ్ళకు, 1986లో, మార్చి తీర్చి "ఎలక్ట్రిక్ కఫే" అనే పేరుతో విడుదల చేశారు. ఆరు పాటలు, ముప్ఫై అయిదు నిమిషాలు.

"మీ అడ్వాన్సు దానికి జమ కట్టుకున్నారా?" అని అడిగాను. బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది?

"లేదు. నా రసీదు మీద ఉన్న పేరు టెక్నో పాప్. వాళ్ళిచ్చినది ఎలక్ట్రిక్ కఫే. అది పూర్తి వెల ఇచ్చి కొన్నాను" అన్నాడు.

ఆ షాపు తరువాత మూతపడింది. 2009లో పాత ఆల్బమ్‌లన్నీ శుభ్రం చేసి తిరిగి వేసినప్పుడు, చిత్రం చూడండి, "ఎలక్ట్రిక్ కఫే" పేరు తీసేసి "టెక్నో పాప్" అని పెట్టారు. రసీదూ రికార్డూ ఒక్కమాట మీదకు వచ్చాయి. డబ్బు జమ కట్టవలసిన షాపే లేదు! ఆ రసీదు నాకు చూపించాడు. సిరా వెలిసిపోయింది గాని అంకె స్పష్టంగా ఉంది.

1986 తరువాత కథ మందగించింది. 1991లో పాత పాటలనే కొత్తగా మలిచి ఇచ్చారు. 1999 డిసెంబరులో, మరుసటి ఏడు హానోవర్‌లో జరగబోయే ప్రపంచ ప్రదర్శన కోసం ఒక పాట వచ్చింది. ఆ తరువాత సైకిలు పందెం నూరేళ్ళ పండుగకని పూర్తి ఆల్బమ్ తలపెట్టారు. పందెం 2003 జులైలో అయిపోయింది, ఆల్బమ్ ఆగస్టులో వచ్చింది. పెళ్ళి అయ్యాక మేళం దిగినట్లు! అయినా జర్మనీలో అమ్మకాల్లో అది మొదటి స్థానానికి వెళ్ళింది. ఎదురుచూసిన జనం అంతమంది ఉన్నారన్నమాట.

అంతే. నేను ఇది వ్రాసేనాటికి, ఆ తరువాత కొత్త పాటల ఆల్బమ్ మరొకటి లేదు. కచేరీలు మాత్రం ఆగలేదు. 2012లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియంలో ఎనిమిది రాత్రులు, రాత్రికొక ఆల్బమ్ చొప్పున వాయించారు. 2013 జనవరిలో సొంత ఊరి మ్యూజియంలో అదే వరస. మా ఆయన వెళ్ళి కళ్ళకు కాగితపు అద్దాలు పెట్టుకుని, బొమ్మలు మీదకు వస్తుంటే చూసి వచ్చాడు. 2017లో ఆ కచేరీల రికార్డింగులన్నీ పెట్టెగా కట్టి అమ్మారు. అన్నీ ఆ ఎనిమిది ఆల్బమ్‌లే. తొమ్మిదోది ఏదీ అని పత్రికలవారు అడిగినప్పుడల్లా, పని జరుగుతోందన్న ధోరణిలోనే హ్యూటర్ జవాబు. ఆ మాట పట్టుకుని అభిమానులు ఏడాది గడుపుతారు. కచేరీలో ఎక్కడో ఒక దరువు కొత్తగా వినబడిందని ఒకరు ఉత్తరం వ్రాస్తారు, అది పాతదేనని ఇంకొకరు ఋజువు చేస్తారు.

మా ఆయన భార్యకు ఇదంతా గిట్టదు. ఒకనాడు కాఫీకి పిలిచినప్పుడు ఆవిడ సూటిగానే అంది: "ఇద్దరు మొదలుపెట్టారు. ష్నైడర్ 2008లో విడిపోయాడు, 2020లో చనిపోయాడు. ఇప్పుడొచ్చేది సగం బృందం పాట. రాకుండా ఉంటేనే మర్యాద."

నేను మనసులో ఆవిడ పక్షమే వహించాను. నచ్చని పనిని 1983లో వెనక్కి తీసుకున్నవాళ్ళు గౌరవించదగ్గవాళ్ళు. ఎనభై దగ్గరపడుతున్న మనిషిని (హ్యూటర్ 1946లో పుట్టాడు) ఇంకా తెమ్మని పీడించడమేమిటి? అయితే ఇవ్వదలచుకోనివాడు "పని జరుగుతోంది" అనకూడదు కదా, అనీ అనిపించింది. అప్పు ఎగవేసేవాడి నోట ఆ మాట ఎన్నిసార్లు విన్నానో!

మెట్లవరకూ సాగనంపుతూ ఆయన అసలు సంగతి చెప్పాడు. రెండేళ్ళుగా చెవులు మందగిస్తున్నాయట. వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నని స్వరాలను తింటుంది. డాక్టరు గీసిన గీత జేబులోంచి తీసి చూపించాడు. ఎడమనుంచి బాగానే నడిచి, కుడివైపు గోడ దిగినట్లు దిగింది. ఆ పాటల్లో దరువు మీద మెరుపులా "ట్సక్" అని ఒక చప్పుడు ఉంటుంది. అది పోయిందట. "తెలిసిన పాటల్లో నా తల దాన్ని నింపుకుంటుంది. కొత్త పాట వస్తే, లేనిది ఎక్కడ నింపుకోవాలో నాకేం తెలుస్తుంది?" అన్నాడు.

నేనేమీ అనలేకపోయాను. పైకి వెళ్ళి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపి, "పాపం, తొందరగా ఇచ్చేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?" అంది. సీరియల్ రచయితలను తిట్టే గొంతే, కాని తిట్టు లేదు.

ఈలోగా మా అమ్మాయికి డాక్టరు చెప్పిన తేదీ దాటింది. ఒకరోజు, రెండు రోజులు, ఆరు రోజులు. మా ఆవిడ మొక్కుకోని దేవుడు లేడు. మెట్ల దగ్గర ఆయన కలిసి కబురడిగితే, ఆలస్యమవుతోంది, ఆరు రోజులైందని దిగులుగా చెప్పాను. "ఆరు రోజులా!" అని ఆయన ఒక్కసారి పకపకా నవ్వేశాడు. వెంటనే నొచ్చుకుని క్షమాపణ చెప్పాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళాం. తెల్లవారకముందే మనవడు పుట్టాడు.

మేము బయలుదేరే ముందు వారంలో ఆయనకు చెవి యంత్రాలు వచ్చాయి. మొదటి రోజు మాటలు బాగానే వినబడ్డాయి గాని, రికార్డు పెడితే గిన్నెలు దొర్లినట్లు ఉందట. ఆ యంత్రాలు మాటలను ఎత్తి చూపేందుకు చేసినవి. సంగీతాన్నీ అట్లాగే ఎత్తబోయి చెడగొడతాయి. మళ్ళీ వెళ్ళి సంగీతానికి వేరే అమరిక చేయించుకున్నాడు. ఆ సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టి 1978 నాటి ఆల్బమ్ పెట్టాడు. కొంతసేపు కళ్ళు మూసుకుని ఉన్నాడు. అంతలో వేలెత్తి నాకు సైగ చేశాడు. ట్సక్. మళ్ళీ వేలెత్తాడు. నేనూ ఎత్తాను. వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన భార్య మా ఇద్దరినీ చూస్తోంది.

పోయిన ఆదివారం అల్లుడు ఫోను చేశాడు. క్షేమసమాచారాలయ్యాక, "క్రింది వాటా ఆయన ఎలా ఉన్నారు బాబూ? వచ్చిందా?" అని అడిగాను.

"ఇంకా లేదు మావయ్యగారూ. మిమ్మల్ని అడిగానని చెప్పమన్నారు" అన్నాడు. "వీడికి మాత్రం క్రింద రెండు పళ్ళు వచ్చాయి."