సీఎస్‌ఈ కంటే ముందు ఆరు వారాలు

ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిచ్చారంటే హైదరాబాద్‌లోని చందానగర్, మదీనాగూడ, దీప్తిశ్రీనగర్ అపార్ట్‌మెంట్లలో ఒక ప్రశ్న మొదలవుతుంది. ‘మావాడు తొమ్మిదికొస్తున్నాడు, ఆన్‌లైన్‌లో పైథాన్ కోర్సులో చేర్పించమంటారా?’ అడిగేవాళ్లలో చాలామంది రోజూ గచ్చిబౌలికో మాదాపూర్‌కో వెళ్లి సాఫ్ట్‌వేర్ పనే చేసి వచ్చేవాళ్లు. అయినా వాళ్ల దగ్గర కూడా ఒక్క జవాబు లేదు. చిన్నప్పుడే మొదలుపెడితే ముందుంటాడని ఒకరంటారు. కోడంతా ఏఐ రాసేస్తుంటే పిల్లవాడి సెలవులు పాడుచేయడమెందుకని ఇంకొకరంటారు. 2025 జులైలో టీసీఎస్ పన్నెండు వేలకు పైగా ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించాక ఈ రెండో మాట మరింత గట్టిగా వినిపిస్తోంది.

చేర్పించండి అనే నేనంటాను. అయితే అది ఉద్యోగం కోసమూ కాదు, పక్కింటి పిల్లల్ని దాటిపోవడం కోసమూ కాదు. ఈ పని తనకు పడుతుందో లేదో పిల్లలు స్వయంగా తేల్చుకోవడం కోసం. మన చదువుల దారిలో ఆ సంగతి తేల్చుకునే చోటు ఇంకెక్కడా లేదు.

ఆ దారి ఎలా ఉందో చూడండి. రాష్ట్ర పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో కంప్యూటర్ సబ్జెక్టు లేదు. ఇంటర్ ఎంపీసీలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, రెండు భాషలు ఉంటాయి. ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు: లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఇన్నిటిలో ఎక్కడా ప్రోగ్రామింగ్ ఊసు లేదు. ర్యాంకు రాగానే వెబ్ ఆప్షన్లలో అందరూ మొదట పెట్టేది మాత్రం కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్, అంటే సీఎస్‌ఈ. అది దొరక్కపోతే ఏఐ, డేటా సైన్స్ అని తోక తగిలించిన సీఎస్‌ఈ. సీటొచ్చి, ఫీజు కట్టి, జేఎన్టీయూ మొదటి ఏడాదిలో ‘ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్’ పేపర్ ముందుకొచ్చినప్పుడు చాలామంది సీ భాషలో తమ మొదటి నాలుగు లైన్లు రాస్తారు. పెళ్లిచూపులైనా లేకుండా ముహూర్తం పెట్టేసిన సంబంధం ఇది. సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల్లో పైథాన్‌తో కంప్యూటర్ సైన్స్ ఉన్న మాట నిజమే. కానీ అది ఐచ్ఛికం. పైగా పది దాకా సీబీఎస్‌ఈలో చదివినవాళ్లు కూడా మన దగ్గర ఇంటర్‌కు చాలావరకు ఎంపీసీ కాలేజీలకే మారిపోతారు.

తీరా చేరాక పడకపోతే? వివిధ దేశాల కళాశాలల్లో తొలి ప్రోగ్రామింగ్ కోర్సు ఫలితాలను సేకరించి 2007లో ఒక అధ్యయనం, 2014లో మరొకటి లెక్కగట్టాయి. రెండింటిలోనూ దాదాపు ఒకే సంగతి తేలింది: చేరినవాళ్లలో ఇంచుమించు మూడింట ఒక వంతు గట్టెక్కలేదు. వాళ్లంతా తెలివి తక్కువవాళ్లని కాదు. ఆ పని స్వభావం వేరు. లెక్కల్లో చివరి స్టెప్పు తప్పినా ముందు స్టెప్పులకు మార్కులుంటాయి. ఇక్కడ ఒక్క కోలన్ మరిచిపోతే ప్రోగ్రామ్ అడుగు ముందుకు వేయదు. తప్పు తనదేనని గంటలో పదిసార్లు ఒప్పుకుని, విసుక్కోకుండా మళ్లీ వెతకడం కొందరికి ఆనందం, కొందరికి నరకం. ఎవరు ఏ కోవలో ఉన్నారో ఎంపీసీ మార్కుల్లో కనిపించదు.

అందుకే పద్నాలుగేళ్ల వయసులో ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సుకు నేను ఇంత విలువ ఇస్తున్నాను. కానీ దాన్ని అమీర్‌పేట కొలతతో చూస్తే ఆ విలువంతా పోతుంది. ఇప్పుడు చందానగర్‌లో ఫ్లాట్లు కొనుక్కుని పిల్లల్ని పెంచుతున్న తరంలో చాలామందికి కోర్సు అనగానే మనసులో మెదిలేది అమీర్‌పేట మైత్రివనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లే. డిగ్రీ అయ్యాక హాస్టల్లో ఉంటూ, జావానో ఒరాకిలో శాపో నేర్చుకుని, మెటీరియల్ జిరాక్సు తీయించుకుని ఇంటర్వ్యూలకు తయారైన తరం అది. వాళ్ల కష్టం మీద నాకు గౌరవం ఉంది. వాళ్ల కొలత ఒక్కటే: ఉద్యోగమొస్తే కోర్సు పనికొచ్చినట్టు, లేకపోతే డబ్బు దండగైనట్టు. అప్పటి పరిస్థితికి ఆ కొలత న్యాయమైనదే. తొమ్మిదో తరగతి పిల్లల మీద అదే కొలత పెడితే మాత్రం ‘చేరావు కాబట్టి పూర్తి చెయ్యి, సర్టిఫికెట్ తెచ్చుకో’ అన్న ఒత్తిడి మొదలవుతుంది. ఇష్టమో కాదో తేల్చుకోవడానికి వెళ్లిన చోట ఇష్టం లేదని చెప్పే హక్కే పోతుంది.

తల్లిదండ్రుల ఆశను వ్యాపారం చేసుకున్నవాళ్లనూ చూశాం. 2020 జులై 29న కేంద్ర కేబినెట్ ఆమోదించిన జాతీయ విద్యావిధానం మిడిల్ స్కూల్ దశలోనే కోడింగ్ అన్నది. వారం తిరిగేసరికి, పిల్లలకు ఆన్‌లైన్‌లో కోడింగ్ నేర్పే వైట్‌హ్యాట్ జూనియర్‌ను 30 కోట్ల డాలర్లకు కొంటున్నామని బైజూస్ ప్రకటించింది. లాక్‌డౌన్‌లో ఇంటిపట్టున ఉన్న తల్లిదండ్రుల ఫోన్ల నిండా యాప్‌లు తయారుచేసే చిన్నపిల్లల ప్రకటనలే. చివరికి ప్రకటనల ప్రమాణాల మండలి అభ్యంతరం చెప్పడంతో వైట్‌హ్యాట్ జూనియర్ ఐదు ప్రకటనలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2024 జులైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కోడింగ్ నేర్పడంలో తప్పు లేదు. పిల్లవాడు వెనకబడిపోతాడన్న భయాన్ని అమ్మడం తప్పు. హైస్కూల్ పిల్లల తొలి కోర్సుకు వేలకు వేలు పోయనక్కర్లేదని నేను గట్టిగా చెప్పేది అందుకే. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 పాఠాలు ఉచితం. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ రోపర్ నుంచి సుదర్శన్ అయ్యంగార్ చెప్పే ‘ద జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్’ ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలనుకుంటేనే ఫీజు. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి కంప్యూటర్ సైన్స్ పుస్తకం పైథాన్‌తోనే నడుస్తుంది, దాన్ని నెట్ నుంచి దించుకోవచ్చు. తెలుగులో చెప్పే పాఠాలకు యూట్యూబ్‌లో కరవు లేదు.

బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్లకు హైస్కూల్ రోజుల్లో తండ్రి యుగంధర్ సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటర్ తెచ్చిచ్చారు. సాఫ్ట్‌వేర్ మీద ఆసక్తి దానితోనే పుట్టిందని తర్వాత నాదెళ్ల తన పుస్తకంలో రాసుకున్నారు. యుగంధర్ ఐఏఎస్ అధికారి. కొడుకు మైక్రోసాఫ్ట్ అధిపతి అవుతాడని లెక్కవేసి తెచ్చింది కాదది. ఆ కుర్రవాడు ఇంజనీరింగ్‌లో చదివింది కూడా ఎలక్ట్రికలే, మణిపాల్‌లో. కంప్యూటర్ సైన్స్ తర్వాత అమెరికాలో చదివారు. ముందు రుచి తెలిసింది, దారి తర్వాత కుదిరింది. మన దగ్గర ఇప్పుడు దారి ముందే ఖాయమైపోతోంది.

మరి ఆరు వారాల్లో రుచి తెలిసిందో లేదో ఎలా పోల్చుకోవాలి? నన్నడిగితే సర్టిఫికెట్ పక్కనపెట్టి, ఇంట్లో ఉన్న కరెంటు బిల్లు చేతికివ్వమంటాను. యూనిట్లు ఇస్తే మొత్తం చెప్పే ప్రోగ్రామ్ రాయమనండి. నాలుగో వారానికి షరతులు, లెక్కలు వచ్చేస్తాయి కాబట్టి అది చేతనయ్యే పనే. 2022లో తెలంగాణలో అమల్లోకి వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం నెలకు 100 యూనిట్ల లోపు వాడితే మొదటి 50 యూనిట్లకు 1.95, తర్వాతి 50కి 3.10 రూపాయలు. వందకు మొత్తం 252.50. వంద దాటిందంటే ఇల్లు వేరే వర్గంలోకి పోతుంది. అప్పుడు మొదటి యూనిట్ నుంచీ 3.40, వంద పైన వాటికి 4.80. అంటే 101 యూనిట్లకు 344.80 రూపాయలు. ఒక్క యూనిట్‌కు 92 రూపాయల 30 పైసల తేడా. 200 దాటితే ఇంకో వర్గం: 200కి 820 రూపాయలు, 201కి 1,027.70. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు వీటికి అదనం. 200 యూనిట్ల దాకా బిల్లు లేకుండా చేసే గృహజ్యోతి వర్తించే ఇల్లయితే ఆ 201వ యూనిట్ ఇంకా బరువు.

పిల్లలు మొదట రాసేది కచ్చితంగా తప్పుతుంది. శ్లాబులను మెట్ల మాదిరిగా ఒకదాని మీద ఒకటి కూడుకుంటూ పోతారు. 101 యూనిట్లకు 257.30 అని వస్తుంది. బిల్లులో చూస్తే అలా ఉండదు. చూడవలసింది ఆ తర్వాతి పావుగంట. బిల్లు వెనకవైపు తిప్పి చదివి, వర్గం మారితే మొదటి యూనిట్ ధర కూడా మారుతుందని తనంతట తాను పట్టుకుని, అన్నానికి పిలిచినా లేవకుండా సరిచేసుకున్న పిల్లకు ఈ పని పడుతుంది. ‘దగ్గర దగ్గరగానే వచ్చిందిగా’ అని లేచిపోయిన పిల్లవాడికి ఇది ఇప్పుడు పట్టలేదు. అలా తేలడం కూడా ఫలితమే. తర్వాత నాలుగేళ్ల ఇంజనీరింగ్ బ్రాంచి నిర్ణయం దాని మీద ఆధారపడి ఉంది.

మధ్యలో వదిలేయడాన్ని పరువు తక్కువగా చూడవద్దు. హార్వర్డ్, ఎంఐటీలు కలిసి నడిపిన ఆన్‌లైన్ కోర్సుల లెక్కలను 2019లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించింది. 2017–18లో చేరినవాళ్లలో పూర్తిచేసింది నూటికి మూడు మందికి కొంచెం పైన. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలోనూ నూటికి 46 మందే. చేరినవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే. వాళ్లకు లేని పట్టుదల పద్నాలుగేళ్ల పిల్లలకు ఉండి తీరాలనడం న్యాయం కాదు. అయితే ఒక జాగ్రత్త. వదిలేసే ముందు దేన్ని వదిలేస్తున్నారో పోల్చుకోవాలి. పాఠం ఇంగ్లీషులో వేగంగా సాగడం వల్ల విసుగు పుట్టిందా, వీడియోలు చూడటమే తప్ప ఒక్క లైను కూడా టైపు చేయకపోవడం వల్లా, లేక పనే నచ్చలేదా? మొదటి రెండూ అయితే పాఠం మార్చి చూడాలి, పిల్లలను కాదు.

ఏఐ సంగతికొస్తాను. పిల్లలు ఇక ప్రోగ్రామింగ్ నేర్చుకోనక్కర్లేదని ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ 2024 ఫిబ్రవరిలో దుబాయ్ సదస్సులో అన్నారు. ఆ జోస్యం ఫలిస్తుందో లేదో కాలమే చెప్పాలి. మన పిల్లలు సీఎస్‌ఈలో చేరడం మాత్రం ఆగలేదు కదా! వాళ్లు చేరుతున్నంత కాలం, చేరకముందే దాని ముఖం చూడవలసిన అవసరమూ ఉంటుంది. కరెంటు బిల్లు ప్రోగ్రామ్‌ను చాట్‌జీపీటీ క్షణంలో రాసిస్తుంది. అలా రాయించుకుంటే ఇష్టం తేలేది ఎలా? ఆ ఆరు వారాలూ కోడ్ దాని చేత రాయించకూడదు. ఎర్రగా కనిపించే ఎర్రర్ మెసేజ్‌కు అర్థమేమిటో తెలుగులో చెప్పమని అడగడం వేరు. ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చిన పిల్లలకు అది నిజంగా మేలు చేస్తుంది.

ఎప్పుడు అన్నదాని మీద నాకు సందేహం లేదు. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య వేసవి, తప్పితే తొమ్మిదికీ పదికీ మధ్య వేసవి. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా ఆరేడు వారాలు దొరుకుతాయి. పదో తరగతిలో వద్దు, ఇంటర్లో అసలు కుదరదు. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో సాయంత్రం దాకా కూర్చోబెట్టే బడుల్లో చదివే పిల్లలకు బడి రోజుల్లో దీన్ని కూడా తగిలిస్తే నిద్రలోంచి తీసుకున్నట్టే. రోజుకు గంట చాలు. మిగతా పొద్దంతా ఆడుకోనివ్వండి.

ఇంతదాకా లాప్‌టాప్ ఉన్న ఇళ్ల గురించి మాట్లాడాను. ఇదే చందానగర్‌లో క్యాబ్ నడిపేవాళ్ల పిల్లలు, అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికొచ్చేవాళ్ల పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు ఉన్నారు. వాళ్ల ఇంట్లో ఉండేది ఒక్క ఫోను. అదీ పగలంతా తండ్రి జేబులోనే. ఫోను మీద పాఠం వినొచ్చు కానీ ప్రోగ్రామ్ టైపు చేయడం నరకం. ఆ ఇబ్బందినే ప్రోగ్రామింగ్ అనుకుని పక్కకు తప్పుకునే పిల్లలుంటారు. ఇష్టం తేల్చుకునే అవకాశం కూడా ఆదాయాన్ని బట్టే దొరుకుతోందన్నమాట. కేరళ ఈ పనిని బడికే అప్పగించింది. అక్కడ ఐటీ పాఠం ప్రభుత్వ బడుల్లో పదో తరగతి దాకా ఉంటుంది, ఎస్‌ఎస్‌ఎల్‌సీలో దానికి కంప్యూటర్ ముందు కూర్చుని రాసే పరీక్షా ఉంది. ఇంగ్లండ్ 2014 నుంచి ఐదేళ్ల వయసు నుంచే కంప్యూటింగ్‌ను పాఠ్యాంశం చేసింది.

సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998 నుంచి సాఫ్ట్‌వేర్ సొమ్ముతో పెరిగిన శేరిలింగంపల్లి మండలంలో ఇది అసాధ్యమేమీ కాదు. కంప్యూటర్లున్న ప్రతి ప్రభుత్వ ఉన్నత పాఠశాల ల్యాబ్‌ను వేసవి ఆరు వారాలూ ఉదయం పూట తెరిచి ఉంచాలి. లేని బడికి కంప్యూటర్లు ఇచ్చే బాధ్యతను పక్కనే ఉన్న ఐటీ కంపెనీలు తమ సీఎస్‌ఆర్ నిధుల్లోంచి తీసుకోవాలి. పిల్లల పక్కన కూర్చుని ఎర్రర్ ఎక్కడుందో చూపించడానికి ఆదివారం పూట రెండు గంటలు ఇవ్వగల ఇంజనీర్లు ఈ అపార్ట్‌మెంట్లలోనే ఉన్నారు. ఇంటర్ బోర్డు చేయవలసిందీ ఒకటుంది: ఎంపీసీలో చేరిన పిల్లలకు మొదటి ఏడాదిలో, మార్కులతో సంబంధం లేకుండా, ముప్పై గంటల ప్రోగ్రామింగ్ ప్రాక్టికల్స్ పెట్టాలి. ప్రైవేటు కాలేజీలు వాటిని రికార్డుల్లో చూపించి ఎగ్గొట్టకుండా తనిఖీలూ ఉండాలి. అది జరిగేదాకా, ఈ వేసవికి తొమ్మిదిలోకి వచ్చే పిల్లలున్నవాళ్లు జూన్ కోసం ఆగకుండా ఏప్రిల్‌లోనే మొదలుపెట్టించడం మంచిది.